సూపర్ బౌల్ పేరు, నంబరు, లోగో: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా ఫిబ్రవరిలో అమెరికా నుంచి బంధుమిత్రులు పంపే ఫొటోల్లో ఒక వెండి కప్పు, దాని చుట్టూ ఎల్‌లు, ఎక్స్‌లు, ఐలు కలిసిన ఒక బొమ్మ కనిపిస్తుంటుంది. ఆట అర్థం కాకపోయినా ఆ బొమ్మ సంగతేమిటని అడిగేవారు చాలామంది. ఆట నియమాల జోలికి ఇక్కడ పోవడం లేదు. పేరు ఎలా పుట్టింది, నంబరు ఎలా వేస్తారు, లోగో ఎలా మారుతూ వచ్చింది, వీటికే ఈ పేజీ పరిమితం.

సూపర్ బౌల్ అంటే ఏ మ్యాచ్?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో అగ్రశ్రేణి వృత్తి క్రీడాకారులు ఆడే పోటీ నేషనల్ ఫుట్‌బాల్ లీగ్, అందరి నోటా ఎన్‌ఎఫ్‌ఎల్. మొత్తం 32 జట్లు. 16 చొప్పున ఏఎఫ్‌సీ, ఎన్‌ఎఫ్‌సీ అని రెండు విభాగాలు. రెండు విభాగాల విజేతలు తలపడే ఫైనలే సూపర్ బౌల్. ఒకే ఒక్క మ్యాచ్. ఓడితే ఇంటికే.

ఆ పేరు ఎవరు పెట్టారు?

లామార్ హంట్. కాన్సస్ సిటీ చీఫ్స్ జట్టు యజమాని, అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ (ఏఎఫ్‌ఎల్) అనే పోటీ సంస్థను స్థాపించినవారు. ఎన్‌ఎఫ్‌ఎల్‌కు, ఈ కొత్త లీగ్‌కు కొన్నేళ్లు పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఆటగాళ్ల కోసం ఒకరిమీద ఒకరు పోటీపడి డబ్బు గుమ్మరించి, ఇద్దరూ అలసిపోయి, 1966 జూన్‌లో విలీనానికి ఒప్పుకున్నారు. పూర్తి విలీనం 1970లో. ఈలోగా రెండు లీగ్‌ల విజేతల మధ్య ఏటా ఒక మ్యాచ్ పెట్టాలనుకున్నారు. మరి దాన్ని ఏమని పిలవాలి?

ఆ రోజుల్లో వామ్-ఓ అనే కంపెనీ తయారుచేసిన సూపర్ బాల్ అనే రబ్బరు బంతికి అమెరికా పిల్లల్లో పిచ్చి గిరాకీ. నేలకేసి కొడితే ఇంటి కప్పు దాటేది. హంట్ ఇంట్లోనూ పిల్లలు దానితో ఆడుకునేవారు. ఆ పదం నాలుక మీద ఆడుతుండగానే సమావేశంలో ఈ పేరు దొర్లిపోయిందని హంట్ తరువాత చెప్పేవారు. 1966 జూలైలో ఎన్‌ఎఫ్‌ఎల్ కమిషనర్ పీట్ రోజెల్‌కు రాసిన ఉత్తరంలో, తాను సరదాకు దీన్ని సూపర్ బౌల్ అంటున్నానని, ఇంతకంటే మంచి పేరు దొరక్కపోదని ఆయనే రాశారు. పేరు పెట్టినవారికే దానిపై నమ్మకం లేదన్నమాట.

హంట్ భార్య నార్మా 2023లో కన్నుమూశారు. అప్పటి వరకు జరిగిన 57 సూపర్ బౌల్‌లకూ ఆమె స్వయంగా హాజరయ్యారు. ఆ బొమ్మ బంతి ఒకటి ఒహాయో రాష్ట్రం కాంటన్‌లోని ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో కొలువుదీరింది.

రోజెల్ ఒప్పుకున్నారా?

లేదు. సూపర్ అనే మాట ఆయనకు చవకబారుగా అనిపించింది. ప్రొ బౌల్ అందామన్నారు, వరల్డ్ సిరీస్ ఆఫ్ ఫుట్‌బాల్ అందామన్నారు. మొదటిది అప్పటికే తారల ప్రదర్శన మ్యాచ్ పేరు. రెండోది బేస్‌బాల్ వాళ్ల పేరుకు తోక తగిలించినట్టుంది. చివరికి ఏఎఫ్‌ఎల్-ఎన్‌ఎఫ్‌ఎల్ వరల్డ్ చాంపియన్‌షిప్ గేమ్ అని ఖాయం చేశారు. గుమాస్తా రాసిన పేరులా ఉందంటే తప్పా? పత్రికలవాళ్లు పట్టించుకోలేదు. తొలి మ్యాచ్ జరగకముందే వార్తల్లో, టీవీలో సూపర్ బౌల్ అనే మాట పాకిపోయింది.

మరి మొదటి మ్యాచ్ టికెట్ మీద ఏ పేరుంది?

ఆ పొడుగాటి పేరే. 1967 జనవరి 15న లాస్ ఏంజెలెస్ కొలీజియంలో గ్రీన్ బే ప్యాకర్స్ 35-10తో కాన్సస్ సిటీ చీఫ్స్‌ను ఓడించింది. వచ్చినవారు 61,946 మంది. స్టేడియంలో మూడోవంతు ఖాళీ. సీబీఎస్, ఎన్‌బీసీ రెండూ ఒకేసారి ప్రసారం చేశాయి, ఆ తరువాత ఆ టేపులను రెండూ దాచుకోలేదు. ఇప్పుడు ఈ మ్యాచ్ టికెట్ కోసం జనం ఇచ్చే డబ్బు తలుచుకుంటే ఆ ఖాళీ కుర్చీలు నమ్మశక్యం కావు.

సూపర్ బౌల్ అనే పేరును లీగ్ అధికారికంగా వాడింది 1969 జనవరిలో జరిగిన మూడో మ్యాచ్ నుంచి. గెలుపు ఖాయమని న్యూయార్క్ జెట్స్ ఆటగాడు జో నేమత్ ముందే హామీ ఇచ్చి, బాల్టిమోర్ కోల్ట్స్‌ను 16-7తో ఓడించి నిలబెట్టుకున్న మ్యాచ్ అది. మొదటి రెండింటికీ ఆ పేరు తరువాత ఆపాదించినదే.

బౌల్ అంటే గిన్నె కదా, ఆటకు గిన్నెకు ఏం సంబంధం?

గిన్నె ఆకారంలో ఉన్న స్టేడియం. 1914లో యేల్ విశ్వవిద్యాలయం న్యూ హేవెన్‌లో నేలను తవ్వి, చుట్టూ గట్లు పోసి, యేల్ బౌల్ అనే మైదానం కట్టింది. దాన్ని చూసి 1922లో కాలిఫోర్నియాలోని పసడేనాలో రోజ్ బౌల్ కట్టారు. అక్కడ ఏటా కొత్త సంవత్సరం రోజు జరిగే కాలేజీ మ్యాచ్‌కూ స్టేడియం పేరే స్థిరపడింది. ఆ మ్యాచ్ జేబులు నింపడం చూసి మిగతా ఊళ్లు ఊరుకుంటాయా? ఆరెంజ్ బౌల్, షుగర్ బౌల్, కాటన్ బౌల్ అని ఏ ఊరికి ఆ ఊరు తన పంట పేరు తగిలించుకుంది. హంట్ మాట నోట దొర్లే నాటికి పెద్ద మ్యాచ్ అంటే బౌల్ అన్నది అమెరికన్ల చెవులకు అలవాటే. సూపర్ బాల్ సూపర్ బౌల్ కావడానికి ఒక్క అచ్చు మారితే సరిపోయింది.

రోమన్ అంకెలు ఎందుకు? ఏడాది వేస్తే పోయేది కదా?

ఏడాది వేస్తేనే తికమక. లీగ్ సెప్టెంబర్‌లో మొదలవుతుంది, ఫైనల్ మరుసటి ఏడాది జనవరిలోనో ఫిబ్రవరిలోనో జరుగుతుంది. ఉదాహరణకు 2024 సూపర్ బౌల్ విజేత ఎవరని అడిగితే రెండు జవాబులూ సరైనవే. 2024 ఫిబ్రవరిలో గెలిచింది కాన్సస్ సిటీ చీఫ్స్, అది 2023 సీజన్ ఫైనల్. 2024 సీజన్ ఫైనల్ 2025 ఫిబ్రవరి 9న జరిగింది, గెలిచింది ఫిలడెల్ఫియా ఈగల్స్. రికార్డు పుస్తకాల్లో ఈ గొడవ లేకుండా ప్రతి మ్యాచ్‌కూ ఒక వరుస సంఖ్య ఇచ్చారు.

వరుస సంఖ్య సరే, మామూలు అంకెలు చాలవా అంటే, చాలతాయి. ఇందులో అవసరం కంటే హంగు ఎక్కువ. ఈ ఆలోచన కూడా హంట్‌దేనని చెబుతారు. పిల్లల బొమ్మ నుంచి వచ్చిన పేరుకు కాస్త గంభీరం తేవాలంటే రోమన్ చక్రవర్తుల అంకెలు తగిలించడం మంచి ఉపాయమే. 1971 జనవరిలో ఐదో మ్యాచ్‌కు వీ అని వేయడంతో ఈ పద్ధతి మొదలైంది. అంతకుముందు జరిగిన నాలుగింటికీ వెనక్కి వెళ్లి ఒకటి నుంచి నాలుగు దాకా రోమన్ అంకెలు ఇచ్చారు.

నంబరు తెలిస్తే ఏడాది కనుక్కోవడం ఎలా?

నంబరుకు 1966 కలిపితే మ్యాచ్ జరిగిన ఏడాది, 1965 కలిపితే సీజన్. ఎల్‌ఐఎక్స్ అంటే 59, దానికి 1966 కలిపితే 2025. మరి రోమన్ అంకెలు మరిచిపోయినవారికి: ఐ ఒకటి, వీ ఐదు, ఎక్స్ పది, ఎల్ యాభై. పెద్దదానికి ముందు చిన్నది వస్తే తీసివేత, తరువాత వస్తే కూడిక. పదో తరగతిని ఎక్స్ అని రాసే దేశంలో పుట్టాం కాబట్టి మనకు ఇందులో అమెరికన్ల కంటే కష్టం తక్కువే.

ఇప్పటివరకు అన్నింటికంటే పొడుగు అంకె 38. మూడు ఎక్స్‌లు, ఒక వీ, మూడు ఐలు, మొత్తం ఏడు అక్షరాలు. 2004లో హ్యూస్టన్‌లో జరిగిన మ్యాచ్ ఇది. దీన్ని మించేది 88, ఎనిమిది అక్షరాలు, 2054లో వస్తుంది. అప్పటి లోగో గీసేవారి మీద ఇప్పటి నుంచే జాలి పడవచ్చు.

50వ దానికి మాత్రం రోమన్ అంకె ఎందుకు వేయలేదు?

రోమన్ పద్ధతిలో 50 అంటే ఒంటి ఎల్. అమెరికా క్రీడల పట్టికల్లో గెలుపుకు డబ్ల్యూ, ఓటమికి ఎల్ వేస్తారు. దేశంలోకెల్లా పెద్ద మ్యాచ్ పేరు పక్కన ఓటమి గుర్తు పెట్టుకుని ఏడాదంతా ప్రచారం చేసుకోవడం ఎవరికి ఇష్టం?

అయితే లీగ్ చెప్పిన కారణం ఇది కాదు, బొమ్మ కుదరకపోవడం. ఎల్ అక్షరానికి ఎడమవైపు నిలువు గీత, కింద అడ్డ గీత, కుడివైపు పైన అంతా బోసి. మధ్యలో నిటారుగా నిలబడాల్సిన కప్పు పక్కన ఆ అక్షరం ఒకవైపు ఒరిగిపోయినట్టు కనిపిస్తుంది. కావాలంటే కాగితం మీద గీసి చూడండి. ఇలా 73 నమూనాలు వేసి చూశాకే మామూలు 50కి వెళ్లామని ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆ బాధ్యతలు చూసిన జేమీ వెస్టన్ చెప్పారు. 2014 జూన్‌లో ప్రకటన వచ్చింది. 5కు, 0కు మధ్య కప్పు, అంకెలకు బంగారు రంగు. మ్యాచ్ 2016 ఫిబ్రవరి 7న శాంటా క్లారాలో జరిగింది, డెన్వర్ బ్రాంకోస్ 24-10తో కరోలినా పాంథర్స్‌పై గెలిచింది. ఆ సీజన్‌లో మైదానాల మీద 50 గజాల గీత దగ్గర రాసే అంకెలకూ బంగారు రంగు పూశారు. పూర్వం సూపర్ బౌల్ ఆడిన వారు చదువుకున్న ఉన్నత పాఠశాలలకు బంగారు రంగు బంతులు పంపారు. నా మటుకు అది సరైన నిర్ణయం. సంప్రదాయం సంప్రదాయమని ఎల్ పట్టుకుని వేలాడి ఉంటే ఆ బంగారు హంగామాలో సగం ఉండేది కాదు.

మరుసటి ఏడాది ఎల్‌ఐతో రోమన్ అంకెలు తిరిగొచ్చాయి. ఇక ఒంటి అక్షరం ఇబ్బంది వచ్చేది వందో మ్యాచ్‌కు, అంటే 2066లో. దానికి అక్షరం సీ.

లోగో ప్రతి ఏడాదీ కొత్తగా గీస్తారా?

ఒకప్పుడు అంతే. తొలి ఏళ్లలో అక్షరాల అల్లిక మాత్రమే ఉండేది. పోనుపోను ఆతిథ్యమిచ్చే ఊరి ఛాయలు వచ్చి చేరాయి. 2010 దాకా ప్రతి మ్యాచ్ లోగోకూ దాని సొంత ముఖం ఉండేది. కొన్ని అందంగా, కొన్ని ఇప్పుడు చూస్తే నవ్వొచ్చేలా, కానీ ఏదీ మరొకదానిలా ఉండేది కాదు.

2011లో టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్‌లో జరిగిన 45వ మ్యాచ్ నుంచి ఆ స్వేచ్ఛ పోయింది. లాండర్ అనే డిజైన్ సంస్థ ఒక మూస తయారుచేసింది. మధ్యలో వెండి కప్పు, వెండి రంగు రోమన్ అంకెలు, వెనక స్టేడియం బొమ్మ. ఏటా అంకె మారుతుంది, స్టేడియం మారుతుంది, అంతే. 50 తరువాత స్టేడియం బొమ్మా ఎగిరిపోయింది. కంపెనీల లెక్కలో ఇది తెలివైన పనే, ఎక్కడ చూసినా ఇట్టే గుర్తుపట్టవచ్చు. కానీ 2017 లోగోను, 2019 లోగోను పక్కపక్కన పెట్టి అంకెలు మూసేస్తే ఏది ఏదో చెప్పడం ఎవరి తరమూ కాదు. మయామీ అయినా మినియాపొలిస్ అయినా అదే వెండి, అదే చలి.

2022లో లాస్ ఏంజెలెస్ దగ్గరి ఇంగిల్‌వుడ్‌లో జరిగిన 56వ మ్యాచ్‌తో లీగ్ కొంచెం పట్టు సడలించింది. కప్పు, అంకెల అమరిక అలాగే ఉంచి, అంకెల లోపలి ఖాళీలో ఊరి బొమ్మ నింపడం మొదలుపెట్టింది. ఆ ఏడాది తాటిజాతి చెట్లు, సంజె ఆకాశం. తరువాత అరిజోనాకు ఎడారి కొండలు, లాస్ వెగాస్‌కు నియాన్ దీపాలు.

వీటిలో మంచిది ఏది?

నన్నడిగితే 2025లో న్యూ ఓర్లీన్స్‌లో జరిగిన 59వ దానిది. ఆ ఊళ్లో మార్డి గ్రా పండుగకు నల్లజాతి కుటుంబాల వారు రంగురంగుల ఈకలు, పూసలు కుట్టిన భారీ దుస్తులతో ఊరేగుతారు. ఒక్కో దుస్తుకు నెలల తరబడి చేతికుట్టు పని. వారిని మార్డి గ్రా ఇండియన్లు అంటారు, మన ఇండియాతో సంబంధం లేదు. ఆ సంప్రదాయానికి చెందిన తాజ్ విలియమ్స్ అనే స్థానిక కళాకారిణి చేత ఈ లోగోకు పూసల పని చేయించారు. సూపర్ బౌల్ లోగో కోసం లీగ్ ఒక స్థానిక కళాకారిణితో కలిసి పనిచేయడం అదే మొదటిసారి. ఆ ఎరుపు, ఆకుపచ్చ అంకెలను పెద్దదిగా చేసి చూడండి. ఊళ్లోని పాత ఇళ్ల వసారాలకు ఉండే ఇనుప అల్లికల ఒంపులు, ఆ ఊరి గుర్తయిన ఫ్రెంచి లిల్లీ పువ్వు కనిపిస్తాయి. మూసలోనే ఉంటూ మూసను మరిపించిన లోగో అది.

ఒకసారి ప్రకటించిన లోగోను మధ్యలో మార్చారట, నిజమేనా?

నిజమే, అదీ న్యూ ఓర్లీన్స్ మ్యాచ్‌కే. 2002లో జరగాల్సిన 36వ మ్యాచ్‌కు ముందుగా మార్డి గ్రా పండుగ ఛాయలున్న లోగో సిద్ధం చేశారు. 2001 సెప్టెంబర్ 11 దాడుల తరువాత దాన్ని పక్కనపెట్టి, ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో అమెరికా పటం ఆకారంలో కొత్తది వేశారు. దాడుల వల్ల ఒక వారం ఆటలు వాయిదాపడటంతో ఫైనల్ తేదీ కూడా జనవరి 27 నుంచి ఫిబ్రవరి 3కు మారింది. ఫిబ్రవరిలో సూపర్ బౌల్ జరగడం అదే తొలిసారి. ఆ వారం ఊళ్లో కార్ల డీలర్ల సంఘం మహాసభ ముందే ఖాయమై ఉంటే, వారిని బతిమాలి తేదీలు మార్పించుకోవాల్సి వచ్చింది.

లోగో మధ్యలోని కప్పు ఏమిటి?

విన్స్ లొంబార్డి ట్రోఫీ. కప్పు అనడం అలవాటే కానీ అందులో నీళ్లు పోయడం కుదరదు. ఒక దిమ్మె మీద తన్నడానికి నిలబెట్టినట్టుండే బంతి అది. ఎత్తు సుమారు 56 సెంటీమీటర్లు, బరువు మూడు కిలోలకు కాస్త ఎక్కువ. టిఫనీ నగల సంస్థ వెండితో చేస్తుంది. ఆ సంస్థ ఉపాధ్యక్షుడు ఆస్కర్ రీడెనర్ రోజెల్‌తో కలిసి భోజనం చేస్తూ కాగితపు న్యాప్‌కిన్ మీద తొలి రూపం గీశారు. ప్యాకర్స్‌కు మొదటి రెండు మ్యాచ్‌లూ గెలిపించిన కోచ్ లొంబార్డి 1970 సెప్టెంబర్‌లో మరణించడంతో ఆయన పేరు పెట్టారు. ఐస్ హాకీ వాళ్ల స్టాన్లీ కప్‌లా ఒకటే చేతులు మారదు. ఏటా కొత్తది చేసి గెలిచిన జట్టుకు శాశ్వతంగా ఇచ్చేస్తారు.

లోగో రంగులు చూసి ఫైనల్ జట్లను ముందే చెప్పవచ్చా?

సామాజిక మాధ్యమాల్లో ఏటా వినిపించే మాట ఇది. 2022 లోగోలో నారింజ, పసుపు ఉన్నాయి, ఫైనల్‌కు నారింజ రంగు బెంగాల్స్, పసుపు కలిసిన రామ్స్ వచ్చాయి. 2023 లోగోలో ఎరుపు, ఆకుపచ్చ, వచ్చినవి చీఫ్స్, ఈగల్స్. లోగో దాదాపు ఏడాది ముందే బయటికి వస్తుంది కాబట్టి, ఫలితాలన్నీ ముందే రాసిపెట్టారని కొందరు తేల్చేశారు.

2024 లోగోలో ఎరుపు, ఊదా. ఊదా అంటే బాల్టిమోర్ రేవెన్స్ అని అందరూ లెక్కగట్టారు. ఆ జట్టు ఫైనల్‌కు ఒక్క మెట్టు దూరంలో, సొంత మైదానంలో, చీఫ్స్ చేతిలో 17-10తో ఓడింది. ఫైనల్లో ఎరుపు జట్లే రెండూ. అక్కడితో ఆ కథ ముగియాలి. కానీ 2025లో మళ్లీ ఎరుపు, ఆకుపచ్చ, మళ్లీ చీఫ్స్, ఈగల్స్ రావడంతో పడుకున్న పుకారు లేచి కూర్చుంది. చీఫ్స్, ఫార్టీనైనర్స్, కార్డినల్స్, ఫాల్కన్స్, బక్కనీర్స్, ఇలా ఎరుపు జట్లు కోకొల్లలు. పైగా చీఫ్స్ 2023 నుంచి వరుసగా మూడు ఫైనళ్లు ఆడింది. లోగోలో ఎరుపు ఉంటే ఏదో ఒక ఎరుపు జట్టు తగలకపోతేనే వింత.

ప్రకటనల్లో బిగ్ గేమ్ అంటారు కానీ సూపర్ బౌల్ అనరెందుకు?

సూపర్ బౌల్ అనేది 1969లో నమోదైన ట్రేడ్‌మార్క్. లీగ్‌కు డబ్బు కట్టి అధికారిక భాగస్వాములైన కంపెనీలే ఆ పేరుతో, లోగోతో సరుకు అమ్ముకోవచ్చు. సూపర్ సండే కూడా లీగ్‌దే. మిగతా టీవీ దుకాణాలు, చిప్స్ కంపెనీలు పెద్ద మ్యాచ్ అని చాటుగా చెబుతాయి. 2006లో లీగ్ ఆ బిగ్ గేమ్ అనే మాటనూ సొంతం చేసుకోబోయింది. స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ విశ్వవిద్యాలయాల మధ్య జరిగే పాత మ్యాచ్‌కు ఆ పేరు ఎన్నో దశాబ్దాలుగా ఉంది. వ్యతిరేకత రావడంతో 2007లో వెనక్కి తగ్గింది. అత్యాశ కాకపోతే ఏమిటి?

వార్తలు రాసేవారికి, మాట్లాడుకునేవారికి ఏ అడ్డూ లేదు. ఈ పేజీలో పేరు ఇన్నిసార్లు రాయడానికీ అడ్డు లేదు.

మా తెలుగు సంఘం మ్యాచ్ చూసే విందు పెడుతోంది. కరపత్రం మీద లోగో వేయవచ్చా?

లోగో వద్దు. స్నేహితులు ఇంట్లో కలిసి చూడటం వేరు, టికెట్ పెట్టి, స్పాన్సర్ల పేర్లతో కరపత్రం వేయడం వేరు. 2007లో ఇండియానాపొలిస్‌లోని ఒక చర్చి పెద్ద తెర మీద మ్యాచ్ చూపిస్తామని, సూపర్ బౌల్ పేరు వేసి, ప్రవేశ రుసుము పెట్టి ప్రకటిస్తే లీగ్ నుంచి అభ్యంతరం వచ్చింది. 55 అంగుళాలకు మించిన తెర మీద చూపించడాన్నీ తప్పుపట్టింది. దేశమంతా గోల కావడంతో మరుసటి ఏడాది చర్చిల విషయంలో తెర పరిమాణం పట్టింపు వదిలేసింది, డబ్బు వసూలు చేయకూడదన్న షరతు ఉంచింది. కరపత్రం మీద ఫుట్‌బాల్ విందు అని, ఆదివారం తేదీ వేస్తే వచ్చేవారందరికీ అర్థమవుతుంది. మిర్చి బజ్జీలున్నాయని రాస్తే అర్థం కానివారూ వస్తారు.

ఓడిన జట్టును చాంపియన్‌గా చూపే చొక్కాలు నిజంగా ఉంటాయా?

ఉంటాయి. మ్యాచ్ ముగిసిన నిమిషంలో గెలిచిన ఆటగాళ్లు లోగో ఉన్న చాంపియన్ టోపీలు, చొక్కాలు తొడుక్కుంటారు కదా, అవి రెండు జట్ల పేరుతోనూ ముందే అచ్చయి పెట్టెల్లో ఉంటాయి. ఓడినవారి పెట్టెలు అమెరికాలో అమ్మకానికి రావు. వాటిని విదేశాల్లోని పేదలకు పంచుతారు. చాలా ఏళ్లు వరల్డ్ విజన్ ఈ పని చూసేది, 2015 నుంచి గుడ్360 అనే సంస్థ చేతికి వచ్చింది. కాబట్టి 2016లో పాంథర్స్ చాంపియన్లయ్యారని రాసిన చొక్కా ఆన్‌లైన్‌లో ఎవరైనా అమ్ముతుంటే అది నకిలీ అయ్యే అవకాశమే ఎక్కువ. అసలు సరుకుకు మెరిసే హోలోగ్రామ్ చీటీ ఉంటుంది, కొనేముందు దాన్ని చూసుకోండి.